పొయ్యి బాగోగులు

గ్యాస్ పొయ్యి లేని ఇల్లు మన ఊళ్లలో ఇప్పుడు అరుదు. అయినా పెరట్లోకి వెళ్లి చూస్తే గోడవారన కట్టెల పొయ్యి కనిపిస్తూనే ఉంటుంది. ఒక ఇంట్లో మూడు రాళ్లు, ఇంకో ఇంట్లో మట్టితో తీర్చి, అలికి, ముగ్గు పెట్టిన పొయ్యి, మరో ఇంట్లో నీళ్ల కాగు కింద నాలుగు ఇటుకలు. ఇంటిల్లిపాదికీ వేన్నీళ్లు అక్కడే కాగుతాయి. గేదెకు ఉలవలు అక్కడే ఉడుకుతాయి. సంక్రాంతికి అరిసెలు, ఎండాకాలంలో వడియాల పిండి, శుభకార్యమైతే వచ్చినవాళ్లందరికీ అన్నం కూడా అక్కడే. సిలిండరు నెల మధ్యలో అయిపోయి చేతిలో డబ్బు ఆడకపోతే రోజువారీ వంటా అక్కడికే చేరుతుంది. కొన్ని ఇళ్లలో గ్యాస్ మీద పడేది టీ, చుట్టాలొస్తే ఉప్మా మాత్రమే. అసలు వంటంతా కట్టెల మీదే.

ఈ పొయ్యి గురించి మనం మాట్లాడుకునేది రెండు రకాలుగానే. హైవే పక్కన హోటళ్లు ‘కట్టెల పొయ్యి వంట’ అని బోర్డు పెట్టి రుచి గురించి చెబుతాయి. ప్రభుత్వ ప్రకటనలు పొగ నుంచి విముక్తి గురించి చెబుతాయి. రెండింటిలోనూ నిజముంది. కానీ రేపు చీకటితో లేచి ఆ పొయ్యి ముట్టించబోయే మనిషికి ఆ రెండూ అక్కరకు రావు. పొయ్యి ఉన్నన్నాళ్లూ దాన్ని ఎలా మండించాలి, ఎలా కాపాడుకోవాలి, ఆ పని ఇంట్లో ఎవరు చూడాలి అన్నది ఎవరూ ఎత్తని విషయంగా మిగిలిపోయింది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 58.6 ఇళ్లు వంటకు గ్యాస్ వంటి శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. తెలంగాణలో ఆ సంఖ్య తొంభై దాటింది, ఆంధ్రప్రదేశ్‌లో ఎనభై దాటింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళల కోసం మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల మనల్ని ఇంతదూరం తెచ్చాయి. ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. అయితే సర్వే అడిగేది ఆ ఇంట్లో ఎక్కువగా వాడే ఇంధనం ఏమిటని. ఆ జవాబులో పెరటి పొయ్యికి చోటు లేదు. అదే రోజు పొద్దున ఆ ఇంటి ఆడమనిషి గంటసేపు పొగలో కూర్చుని నీళ్లు కాచినా ఆ ఇల్లు గ్యాస్ ఇంటి కిందే జమ అవుతుంది. లెక్కలో లేనిదాన్ని బాగుచేసే పని ఏ శాఖదీ కాకుండా పోతోంది.

పొగ ఎందుకొస్తుందో ముందు చూద్దాం. కట్టె నేరుగా మండదు. వేడి తగలగానే దానిలోంచి వాయువులు బయటికొస్తాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. ఎండుకట్టె బరువులో నూటికి డెబ్బై పైచిలుకు ఇలా వాయువుగా మారిపోతుంది. మిగిలింది బొగ్గు, అది మంట లేకుండా కణకణలాడుతూ కాలుతుంది. ఆ వాయువులకు తగినంత వేడి, తగినంత గాలి దొరికితే శుభ్రంగా మండిపోతాయి. దొరక్కపోతే సగం కాలి పొగై లేస్తాయి. కళ్లలో నీళ్లు తెప్పించేదీ, గోడల్ని మసిబార్చేదీ మండకుండా పోయిన ఆ ఇంధనమే. పొలంగట్ల వెంట తిరిగి, కొట్టి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చిన కట్టెలో కొంత కష్టం అలా గాలికి పోతోంది. పొగ తగ్గించుకుంటే ఊపిరితిత్తులతో పాటు ఆ మోపు బరువు కూడా తగ్గుతుంది.

అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరయ్యేదాకా పొయ్యి వేడెక్కదు, వేడెక్కని పొయ్యిలో వాయువులు అంటుకోవు. అదే కట్టెను చీల్చి, గాలి ఆడేచోట పేర్చి కొన్ని నెలలు ఉంచితే తేమ నూటికి పదిహేను, ఇరవై వంతులకు దిగుతుంది. పొయ్యికి అది చాలు. ఆరిందో లేదో చూడడానికి పరికరమేమీ అక్కర్లేదు. ఆరిన కట్టె చివర్లలో నెర్రెలు విచ్చుతాయి. బెరడు గోటితో గీకితే ఊడొస్తుంది. పట్టుకుంటే చేతికి తేలిగ్గా ఉంటుంది. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఖణీమంటాయి, పచ్చివైతే మొద్దుగా మోగుతాయి. పొయ్యిలో పెట్టాక బయటి చివర నురగ కక్కుతూ సుయ్‌మంటుంటే ఆ కట్టెను లాగేసి ఎండలో పడేయడమే మంచిది.

పొయ్యి నిర్వహణలో సగం ఈ ఆరబెట్టడమే అంటే అతిశయోక్తి కాదు. వైశాఖంలో కట్టె కొట్టి, చీల్చి, మృగశిర కార్తె రాకముందే చూరు కిందికి చేర్చుకున్న ఇంట్లో శ్రావణమంతా పొయ్యి చెప్పినట్టు వింటుంది. వానలు మొదలయ్యాక కట్టె వెతుక్కునే ఇంట్లో ఆ రెండు నెలలూ ఏడుపే. పేర్చేటప్పుడు కింద రెండు దుంగలో రాళ్లో పరిచి నేలకు ఎడంగా ఉంచాలి. చెద పట్టదు, గాలి ఆడుతుంది, తేళ్లు చేరినా కనిపిస్తాయి. పైన రేకు చాలు. నాలుగు వైపులా పట్టా బిగించి కప్పితే లోపలి తేమ లోపలే ఉండి కట్టె బూజు పడుతుంది. రేపటికి కావలసిన నాలుగు కట్టెలు ఇవాళ వంటయ్యాక వెచ్చగా ఉన్న పొయ్యి గట్టు పక్కన పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. నిప్పురవ్వ ఎగిరినా తగలనంత దూరంలో పెడితే దాన్ని మించిన సదుపాయం లేదు.

ఏ కట్టె అన్నది ఊరిని బట్టి ఉంటుంది. రాయలసీమలో, ప్రకాశం మెట్టల్లో, తెలంగాణ చెరువు శిఖాల్లో పొయ్యికి దిక్కు సర్కారు తుమ్మ. బంజర్లలో బతికే చెట్టు కావాలని నాటి మద్రాసు ప్రభుత్వ అటవీశాఖ 1877లో జమైకా నుంచి దీని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది. అది చెరువుల్నీ బీళ్లనీ ఆక్రమించేసిందని రైతులు తిట్టుకోవడంలో న్యాయముంది. పొయ్యి దగ్గర మాత్రం దానికి వంక పెట్టలేం. బరువైన కట్టె, నిదానంగా కాలి గట్టి బొగ్గునిస్తుంది. కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు కూడా అంతే మేలైనది, ఇప్పుడది ఎక్కువగా కాగితం మిల్లులకు పోతోంది. పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె చేలో ఊరికే దొరుకుతాయి. గబుక్కున అంటుకుంటాయి, అంతే గబుక్కున బూడిదవుతాయి. వాటితో వండే మనిషి పొయ్యి ముందు నుంచి లేవడానికి ఉండదు. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు కూడా ఆ కోవలోవే. పిడకది నిదానం, కానీ పొగ ఎక్కువ. పాలకుండను పిడకల దాలి మీద పెట్టి వదిలేసేది ఆ నిదానం కోసమే. సాయంత్రానికి ఎర్రగా కాగిన ఆ పాల మీద కట్టే మీగడ రుచి తెలిసినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు.

ఒక అలవాటు విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడలేం. పొయ్యి త్వరగా అంటుకోవాలని పాల కవర్లు, తెగిన చెప్పులు, సైకిల్ ట్యూబు ముక్కలు పెడుతున్నారు. పాత తలుపుల రంగు చెక్కలు కూడా పొయ్యిలోకి వస్తున్నాయి. కట్టె పొగే హానికరం. ప్లాస్టిక్, రబ్బరు, రంగులు కాలితే వచ్చేది అంతకన్నా ఎన్నో రెట్లు చెడ్డ పొగ, అది తగిలేది వంట చేసే మనిషి ముఖానికి, పక్కనే చలి కాచుకుంటున్న పిల్లలకు. కొబ్బరి పీచు, ఎండిన తాటాకు, కందిపుల్లలు ఊరిలో దొరకని వస్తువులు కావు. ఒక గోనెసంచిలో నింపి అటక మీద పడేసుకుంటే ముసురు పట్టిన రోజున కూడా పాల కవరు అవసరం రాదు.

ఇక గాలి. పొయ్యి నోటి నిండా కట్టెలు కుక్కి, అవి నేలకు ఆని ఉంటే గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఎక్కువ కట్టె పెడితే ఎక్కువ మంట వస్తుందనుకుంటాం, వచ్చేది ఎక్కువ పొగ. కట్టె కిందినుంచి గాలి అందాలి. పొయ్యి అడుగున రెండు ఇటుక ముక్కల మీద నాలుగు ఇనుప ఊచలు అడ్డంగా వేసి, వాటి మీద కట్టె పెడితే తేడా మొదటి పూటే కనిపిస్తుంది. బూడిద ఊచల సందుల్లోంచి కిందికి రాలుతుంది, గాలి అదే సందుల్లోంచి పైకి లాగుతుంది. పాత ఇనుప సామాన్ల కొట్లో ఆ ఊచలు కొద్ది డబ్బుకే దొరుకుతాయి. పొగ మీద ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేసేది ఇంకోటి లేదని నా నమ్మకం.

కట్టెలు బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు వరకు చీల్చినవైతే చాలు. ముందు పీచు, దాని మీద చిదుగులు, అవి అంటుకున్నాక సన్న కట్టెలు రెండు, ఆ తర్వాతే లావువి. ఒకేసారి రెండు మూడు కట్టెలు, చివర్లు కాలుతున్నకొద్దీ లోపలికి జరుపుకుంటూ పోవాలి. మంట కావలసినప్పుడు దగ్గరికి చేర్చడం, సెగ చాలనుకున్నప్పుడు ఎడం చేయడం వండేవారి చేతుల్లోనే ఉంటుంది. గ్యాస్ మీద మీట తిప్పినంత సులువు కాదు గానీ అలవాటైన చేతికి అంతే కచ్చితంగా పలుకుతుంది. మాటిమాటికీ ఊదుగొట్టం అందుకోవలసి వస్తోందంటే కట్టె పచ్చిదో, బూడిద నిండిందో, గాలికి దారి లేదో చూసుకోవాలి. ఊదుతున్నంతసేపూ ముఖం పొగకు దగ్గరగా ఉంటుంది, ఊదడానికి ముందు గుండె నిండా గాలి పీల్చేదీ ఆ పొగలోంచే. ఆ గొట్టం వాడకం తగ్గేకొద్దీ పొయ్యి బాగున్నట్టు.

మంట ఎంత బాగున్నా ఆ వేడి గిన్నెకు చేరాలి. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో గిన్నెలోకి వెళ్లేది నూటికి పది, పదిహేను వంతులకు మించదు. మిగతాది గాలికి, గోడకు, నేలకు పోతుంది. గిన్నెకూ పొయ్యి అంచుకూ మధ్య వేలి మందం సందు ఉంటే మంట గిన్నె అడుగును రాసుకుంటూ పోతుంది. సందు మరీ ఎక్కువైతే వేడి పక్కలకు జారుతుంది, అసలు లేకపోతే మంట ఊపిరాడక పొగ కక్కుతుంది. ఎసరు మీద మూత పెట్టడం, పప్పు ముందే నానబెట్టడం, కూరలు తరిగి సిద్ధం చేసుకున్నాకే పొయ్యి ముట్టించడం పాతకాలపు వంటింటి క్రమం. కట్టె పొదుపు, పొగ పొదుపు రెండూ అందులో ఉన్నాయి. గిన్నె పొయ్యెక్కించే ముందు అడుగున తడిమట్టో బూడిద ముద్దో పూస్తే మసి దానికే అంటుకుంటుంది, తోమేటప్పుడు ఒక్క రుద్దుకు ఊడిపోతుంది. పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద పెట్టే పెద్ద డేగిశాలకు వంటవాళ్లు ఇప్పటికీ అలా పూస్తారు.

మట్టి పొయ్యికి కాపలా అలకడమే. రోజూ మంట తగిలే మట్టి ఎండి, వ్యాకోచించి, చల్లారి, నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి అనవసరపు గాలి దూరి మంటను చల్లబరుస్తుంది, వేడి బయటికి పోతుంది, రాను రాను అంచు విరిగి గిన్నె ఒరుగుతుంది. ఉడుకుతున్న అన్నం ఒంపుకుని ఒళ్లు కాల్చుకున్న సంఘటనల వెనక ఇలా అంచు విరిగిన పొయ్యి ఎన్నిసార్లు ఉందో ఎవరూ రాసిపెట్టలేదు. పుట్టమన్నులో పేడ, సన్నగా తరిగిన గడ్డి లేదా ఊక కలిపి రెండు రోజులు నానబెట్టి, తొక్కి, పొయ్యి కడతారు. నీడలో నిదానంగా ఆరనిస్తారు. ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. తర్వాత వారానికోసారి, ఎక్కువ ఇళ్లలో శుక్రవారం ముందు, పేడా మట్టీ కలిపి అలుకుతారు. అలికే చేయి నెర్రెను ముందుగా పసిగడుతుంది. ఏ మట్టిలో ఎంత ఊక పడాలో, గిన్నె కూర్చునే మూడు గడ్డలు ఎంత ఎత్తు ఉండాలో ఏ ఇంజనీరింగ్ పుస్తకమూ చదవని ఆడవాళ్లు చేత్తోనే లెక్క కట్టారు. ఆ విద్యను మనం విద్యగా గుర్తించి ఉంటే ప్రభుత్వం పెట్టిన మెరుగైన పొయ్యిల కథ వేరుగా ఉండేది.

పొగ చేసే చెరుపు ఊహాగానం కాదు. ఈ శతాబ్దం మొదట్లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో సుమారు 420 ఇళ్లలో పరిశోధకులు గాలిని కొలిచారు. 2004లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి ఇరవైనాలుగు గంటల సగటున గ్యాస్ ఇళ్లలో ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల ఇళ్లలో 732 ఉంది. ఇంట్లోవాళ్లలో ఎక్కువ పీల్చింది వంట చేసే ఆడవాళ్లు. తక్కువ పీల్చింది మగవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారు, అందులో రెండు లక్షలకు పైగా అయిదేళ్లలోపు పిల్లలు. ఎన్నడూ చుట్ట ముట్టని అవ్వ ఆయాసంతో పెద్దాసుపత్రి మెట్లెక్కలేక కూలబడితే, ఆమె జబ్బుకు పేరు పెట్టే ముందు ఎన్నేళ్లు పొయ్యి ముందు కూర్చుందో అడిగే డాక్టరు ఉండాలి.

పొగలేని పొయ్యి కోసం తొలినాళ్లలో గట్టిగా పనిచేసిన చోట్లలో హైదరాబాద్ ఒకటి. ఇక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోగల, ఒక్క మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఉడికే, పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అనే పుస్తకం రాశారు. కోట్ల వంటిళ్ల గురించి అప్పుడే ఆలోచించిన మనిషి. నిర్మాణశాఖలు ఆనకట్టలు, రోడ్ల మీద ఉన్న కాలంలో ఒక ఇంజనీరు వంటింట్లో కూర్చుని పొగ ఎటు పోతోందో చూడడం నాకు ఇప్పటికీ గౌరవం కలిగించే విషయం. ఆ తర్వాత 1980ల మొదట్లో కేంద్రం జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. దాదాపు రెండు దశాబ్దాలు నడిచి 2002లో ఆగేసరికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. చాలా ఊళ్లలో ఇవాళ వాటి ఆనవాలు గోడకు మిగిలిన గొట్టపు కన్నం మాత్రమే.

ఎందుకలా అయిందో ఒడిశాలో జరిగిన ఒక అధ్యయనం చెబుతుంది. రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అక్కడి పల్లెల్లో సుమారు 2,600 కుటుంబాలను కొన్నేళ్లపాటు గమనించారు. పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిలు పెట్టిన మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ నిజంగానే తగ్గింది. తర్వాత ఆ మేలు మాయమైంది. పొయ్యిలు పగిలాయి, గొట్టాలు మసితో పూడాయి, బాగుచేయించుకోలేదు, వాడకమే పడిపోయింది. పొయ్యి నమూనాలో లోపం కన్నా పొయ్యి పెట్టాక దాన్ని చూసుకునే ఏర్పాటు లేకపోవడమే దెబ్బతీసింది. పథకాల లెక్కలో పొయ్యి పెట్టిన రోజుకు ఫొటో ఉంటుంది. గొట్టం పూడిన రోజుకు ఉండదు.

పొగగొట్టం అడిగే చాకిరీ పెద్దదేమీ కాదు. రోజూ రెండు పూటలా వంటయ్యే ఇంట్లో నెలకోసారి పొడవాటి వెదురు కర్రకు గోనెపట్టా చుట్టి లోపల దులపాలి. పచ్చికట్టె వాడితే ఇంకా ముందే పూడుతుంది, తారులాంటి జిగురు మసి పట్టి ఒక్కోసారి గొట్టం లోపలే అంటుకుంటుంది కూడా. గొట్టం చివర కప్పు కొప్పు కన్నా ఎత్తున ఉండాలి, లేకపోతే గాలి విసిరినప్పుడు పొగ వెనక్కి తంతుంది. వానకు మూత, పిట్టలు గూడు పెట్టకుండా జల్లెడ కావాలి. తాటాకు, గడ్డి కప్పు అయితే గొట్టం ఆకును తాకకుండా చుట్టూ రేకు వేయాలి. ఇవన్నీ ఒక మనిషి ఒక పూట చేయగల పనులు. అయినా జరగవు. పొగ పీల్చేది ఒకరు, నిచ్చెన వేసి ఇంటి మీదికి ఎక్కేది ఇంకొకరు కావడమే దానికి కారణమని నాకనిపిస్తుంది. గొట్టం పూడిన సంగతి ముందు తెలిసేది ఇల్లాలికి. చీరకట్టుతో కప్పెక్కడం ఆమె వల్ల కాదు, ఎక్కితే చూసేవాళ్లు ఊరుకోరు. ఎక్కగలిగిన మగవాడు ఆ వేళకు పొలంలోనో రచ్చబండ మీదో ఉంటాడు, వచ్చేసరికి అన్నం వడ్డించి ఉంటుంది, పొగ జాడ ఉండదు. కట్టె చీల్చడం, ఎండబెట్టి పేర్చడం, గొట్టం దులపడం ఇంటి మగవాళ్లు తమ పనిగా రాసుకుంటే చాలా ఇళ్లలో సగం పొగ తగ్గిపోతుంది.

నిప్పుతో జాగ్రత్తలు అందరికీ తెలిసినవే, అందుకే మరుపు. వంటయ్యాక కట్టెలు బయటికి లాగి ఆర్పాలి. రాత్రి నిప్పు దాచుకోవాలంటే బొగ్గుల మీద బూడిద కప్పి, పొయ్యి నోటికి రాయి అడ్డం పెట్టాలి. చల్లారినట్టు కనిపించే బూడిదలో మర్నాటిదాకా నిప్పు బతికి ఉంటుంది. దాన్ని తెచ్చి పెంటకుప్ప మీదో గడ్డివాము పక్కనో పోయడంతో మొదలైన మంటలు ఎన్నో. ఎండలు ముదిరాక వడగాలి లేవకముందే వంటలు ముగించుకోవాలని తాటాకిళ్ల పేటల్లో పెద్దలు కట్టుబాటు పెట్టింది అనుభవంతోనే. నైలాన్ చీర కొంగు మంటకు అందితే ఆర్పే వ్యవధి ఇవ్వదు, పొయ్యి దగ్గర నూలు చీర కట్టుకుని కొంగు దోపుకోవడం మంచిది. చలికాలంలో బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. పొగ లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బూడిదను పారేసే ఇల్లు ఒకప్పుడు లేదు. గిన్నెలు తోమడానికి, వంగ, బెండ ఆకుల మీద చల్లడానికి, కందులూ పెసలూ పురుగు పట్టకుండా నిలవచేయడానికి వాడేవారు. పొటాష్ ఉంది కాబట్టి పెరటి మొక్కలకూ మంచిదే, ఒకేచోట గుమ్మరించకుండా పలచగా చల్లితే చాలు. ప్లాస్టిక్ కాల్చిన పొయ్యి బూడిదకు ఈ యోగ్యత ఉండదు.

ఇంటి పొయ్యి గురించి ఇంత చెప్పుకున్నాం కాబట్టి ఇల్లు కాని ఇంకో వంటింటి సంగతి కూడా తలుచుకోవాలి. మన సర్కారు బడుల్లో చాలాచోట్ల మధ్యాహ్న భోజనం ఇప్పటికీ కట్టెల మీదే ఉడుకుతోంది. ఇంట్లో గ్యాస్ మీద వండుకునే ఆడవాళ్లే బడికొచ్చి వందమంది పిల్లలకు పొగలో వండుతున్నారు. కొన్నిచోట్ల వంటగది ఉన్నా గొట్టం ఉండదు, కొన్నిచోట్ల గదే లేక చెట్టు కింద రాళ్లు పేర్చుకుంటారు. జూలై వానల్లో కట్టె తడిస్తే అన్నం ఆలస్యం, ఆ ఆలస్యానికి మాట పడేదీ వాళ్లే. గ్యాస్ సరిపడా ఇవ్వడమే దీనికి అసలు పరిష్కారం. అది వచ్చేదాకా కట్టెలు తడవకుండా నాలుగు రేకులు, పొయ్యి అడుగున ఇనుప ఊచలు, వంటపాకకు ఒక పొగగొట్టం, దాన్ని నెలనెలా దులిపే మనిషికి కూలి ఇవ్వడం పంచాయతీకి మోయలేని ఖర్చు కాదు. బడులు మళ్లీ జూన్‌లో తెరుస్తారు. ఆలోగా సర్పంచో హెడ్మాస్టరో ఆ వంటమ్మల దగ్గర ఒక పూట కూర్చుని పొయ్యి ఎక్కడ ఉండాలి, నోరు ఏ దిక్కుకు ఉండాలి, గట్టు ఎంత ఎత్తు కావాలి అని వాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టు కట్టించాలి.